గోడ చెక్క టెలిఫోన్: గుర్తింపు, పునరుద్ధరణ

గోడకు బిగించే చెక్క టెలిఫోన్ 1880ల నుంచి 1930ల దాకా ప్రపంచమంతటా వాడుకలో ఉన్న పరికరం. ఒక చెక్క పెట్టె, దాని ముఖాన రెండు గంటలు, ఒక పక్క కొక్కేనికి వేలాడే రిసీవరు, మరో పక్క తిప్పుడు పిడి ఇందులో ప్రధానంగా కనిపిస్తాయి. నంబర్ల చక్రం ఉండదు. పిడి తిప్పితే తీగకు అవతల ఉన్న గంట మోగుతుంది. మాట అవతలికి చేరడానికి కావలసిన కరెంటు పెట్టెలోని సెల్లులే ఇస్తాయి. పిడికి అమర్చిన చిన్న జనరేటరును మాగ్నెటో అంటారు కాబట్టి ఫోనుకూ మాగ్నెటో ఫోను అన్న పేరు స్థిరపడింది.

అలెగ్జాండర్ గ్రాహంబెల్‌కు టెలిఫోను పేటెంటు 1876 మార్చి 7న దక్కింది. ఆరేళ్లు తిరక్కుండా, 1882లో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాల్లో ఎక్స్ఛేంజిలు తెరుచుకున్నాయి. అయితే తెలుగు పల్లెలకు ఫోను రావడానికి చాలా కాలం పట్టింది. స్వాతంత్ర్యం నాటికి దేశం మొత్తం మీద ఉన్న ఫోన్లు లక్షలోపే. వాటిలోనూ అధిక భాగం మహానగరాలవి. 1984లో టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్ ఏర్పడి, పల్లెల కోసం చిన్న ఎక్స్ఛేంజిలను తయారు చేసిన తర్వాతే గ్రామాల్లో ఫోన్ల సంఖ్య పెరగసాగింది. అప్పటికి చెక్క ఫోన్ల కాలం ఎప్పుడో వెళ్లిపోయింది.

పశ్చిమ ప్రకాశంలో పాత చెక్క ఫోను కనిపిస్తే అది ఎక్కడి నుంచి వచ్చి ఉంటుందో ఊహించడానికి ఈ చరిత్ర పనికొస్తుంది. కొమరోలు, గిద్దలూరు, కంభం, మార్కాపురం 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లాలోవి. ఆ మెట్ట సీమలో తీగ మీద మాటను వాడుకున్న పెద్ద సంస్థ రైల్వే. గుంతకల్లు నుంచి నంద్యాల మీదుగా నల్లమల దాటి గిద్దలూరు, కంభం, మార్కాపురం రోడ్డు, దొనకొండ స్టేషన్ల గుండా బెజవాడకు సాగే మీటరుగేజి మార్గాన్ని సదరన్ మరాఠా రైల్వే 19వ శతాబ్ది చివరలో వేసింది. కొమరోలుకు రైలు లేదు. దానికి గిద్దలూరే దగ్గరి స్టేషను. 1990లలో ఈ మార్గం బ్రాడ్‌గేజికి మారింది. ఒంటి లైను మీద ఎదురెదురుగా రెండు బళ్లు రాకుండా చూడాలంటే స్టేషనుకూ స్టేషనుకూ మధ్య మాట నడవాల్సిందే. లెవెల్ క్రాసింగు దగ్గరి గేట్‌మాన్‌కూ స్టేషన్ మాస్టారుకూ మధ్య కూడా అంతే. బండి వచ్చే ముందు మాస్టారు ఫోను చేస్తాడు. గేటు వేశాక గేట్‌మాన్ ఒక ప్రైవేటు నంబరు చెబుతాడు, మాస్టారు దాన్ని రిజిస్టరులో రాసుకుంటాడు. భారతీయ రైల్వేలో ఈ పనికి పిడి తిప్పే మాగ్నెటో ఫోన్లు డయలు ఫోన్లు వచ్చిన తర్వాత కూడా చాలాకాలం నిలిచాయి. ఎక్స్ఛేంజితోనూ ఊరి కరెంటుతోనూ పని లేకుండా రెండు తీగల మీద నడవడమే అందుకు కారణం. కాబట్టి ఈ ప్రాంతంలో దొరికే చెక్క ఫోనును ఇంట్లో వాడిన వస్తువుగా కన్నా రైల్వే సామానుగా ముందు అనుమానించడం సబబు.

పని చేసే తీరు

పెట్టె తలుపు తెరిస్తే మొదట కంటబడేది గుర్రపు నాడా ఆకారంలో వరసగా బిగించిన ఉక్కు అయస్కాంతాలు. మూడు, నాలుగు, ఐదు దాకా ఉంటాయి. వాటి కాళ్ల మధ్య తీగ చుట్టిన ఇనప ఆర్మేచరు తిరుగుతుంది. పిడి ఒక చుట్టు తిరిగితే పళ్ల చక్రాల వల్ల ఆర్మేచరు అనేక చుట్లు తిరుగుతుంది. దాంతో సుమారు 75 నుంచి 100 వోల్టుల ఏసీ కరెంటు, సెకనుకు పదహారు ఇరవై ఆవృత్తులతో పుడుతుంది. తీగ చివర వేలు పెట్టి పిడి తిప్పితే గట్టిగానే షాకు తగులుతుంది. ఈ కరెంటు అవతలి ఫోనులోని విద్యుదయస్కాంతంలో పారి, రెండు గంటల మధ్యనున్న చిన్న సుత్తిని అటూ ఇటూ కొట్టిస్తుంది.

మాట నడిచే దారి వేరు. మౌత్‌పీసు వెనక ట్రాన్స్‌మిటరులో బొగ్గు పలుకులు నింపిన గది ఉంటుంది. మాట తాకిడికి ముందరి రేకు కదిలి పలుకులను నొక్కుతుంది, వదులుతుంది. నొక్కినప్పుడు వాటి గుండా కరెంటు ఎక్కువగా పారుతుంది, వదిలినప్పుడు తగ్గుతుంది. సెల్లుల నుంచి వచ్చే ఈ హెచ్చుతగ్గుల కరెంటు ఇండక్షన్ కాయిల్ లోని లావు తీగ చుట్టలో పారి, దాని మీద చుట్టిన సన్న తీగలో ఎక్కువ వోల్టేజీని పుట్టిస్తుంది. అదే లైను మీద ప్రయాణిస్తుంది. రిసీవరు బరువుకు కిందికి దిగి ఉన్న కొక్కెం, రిసీవరు తీయగానే పైకి లేచి సెల్లుల వలయాన్ని కలుపుతుంది. రిసీవరు తిరిగి తగిలించడం మరిచిపోతే సెల్లులు ఊరకే కరిగిపోతాయి.

మొదటి కాలంలో ఈ సెల్లులు గాజు కూజాల్లోని లెక్లాంషే సెల్లులు. నవాసారం కలిపిన నీళ్లలో జింకు కడ్డీ, మాంగనీసు డయాక్సైడు, బొగ్గు దట్టించిన మట్టి కుండిక ఉండేవి. పాత పెట్టెల అడుగున కనిపించే తెల్లటి పొక్కులు చాలాసార్లు ఈ నవాసారపు నీళ్లు ఒలికినందువల్ల పుట్టినవే. ఇత్తడి ఆకుపచ్చగా చిలుము పట్టడానికీ ఇదే కారణం కావచ్చు.

గుర్తింపు

వయసు తేల్చాలంటే ముందుగా పిడి ఉందో లేదో చూడాలి. పిడి, సెల్లుల గది రెండూ ఉంటే అది మాగ్నెటో ఫోను. రెండూ లేకుండా గంటలూ కొక్కెమూ మాత్రమే ఉంటే కరెంటు ఎక్స్ఛేంజి నుంచే వచ్చే తర్వాతి రకం. పిడి ఉండాల్సిన చోట రంధ్రం పూడ్చిన గుర్తు కనిపిస్తే మాగ్నెటో ఫోనును తర్వాత మార్చారన్నమాట. అలాంటి మార్పు కూడా ఆ వస్తువు చరిత్రలో భాగమే. దాన్ని లోపంగా చూడనక్కర్లేదు.

తర్వాత పెట్టె ఆకారం. 1880లు, 90లలో ఒకే పొడవాటి పలక మీద మూడు పెట్టెలు ఉండేవి: పైన మాగ్నెటో, గంటలు, మధ్యలో ట్రాన్స్‌మిటరు, అడుగున సెల్లులు. 1890ల చివర డ్రై సెల్లులు మార్కెట్లోకి వచ్చాక గాజు కూజాల అవసరం తగ్గింది. ఆపైన రెండు పెట్టెలు, 1900 దాటాక ఒకే పెట్టె అయ్యాయి. అమెరికాలో 1893–94లలో బెల్ మూల పేటెంట్ల గడువు తీరడంతో స్ట్రోంబర్గ్-కార్ల్‌సన్, కెల్లాగ్ వంటి కొత్త కంపెనీలు పుట్టి ఒంటి పెట్టె ఫోన్లను పల్లెలకు పెద్దఎత్తున అమ్మాయి. ఓక్ చెక్క, పెట్టె ముఖానికి బిగించిన ట్రాన్స్‌మిటరు, దాని కింద రాసుకోవడానికి వాలు పలక ఉన్న రూపం వాటిది. సినిమాల ద్వారా అందరికీ తెలిసినది ఇదే అయినా, భారతదేశానికి వచ్చిన సరుకు ఎక్కువగా బ్రిటన్, స్వీడన్ దేశాలది. లార్స్ మాగ్నస్ ఎరిక్సన్ 1876లో స్టాక్‌హోంలో స్థాపించిన కంపెనీకి ఇంగ్లండులో నాటింగ్‌హాం పక్కనున్న బీస్టన్‌లో 1903 నుంచి ఫ్యాక్టరీ ఉండేది. సీమెన్స్ బ్రదర్స్, జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ పేర్లూ కనిపిస్తాయి. ఈ ఫోన్లలో వినేదీ మాట్లాడేదీ ఒకే పిడికి చెరో కొసన అమర్చిన చేతి ఫోను తరచుగా ఉంటుంది.

ముద్రలు చదవడం తరువాతి పని. కంపెనీ పేరు ట్రాన్స్‌మిటరు ముఖం మీద, రిసీవరు మూత మీద, గంటల మధ్య బిళ్ల మీద, మాగ్నెటో పోత మీద ఉండవచ్చు. పేటెంటు తేదీల జాబితా ఉంటే చివరి తేదీ కన్నా ఆ భాగం పాతది కాజాలదు, కొత్తది కావచ్చు. ఒకే పేటెంటు ముద్రతో కంపెనీలు ఏళ్ల తరబడి సరుకు పోతపోశాయి. రైల్వే కంపెనీల పొడి అక్షరాలు కాలాన్ని ఇంకా కచ్చితంగా చెబుతాయి. సదరన్ మరాఠా, మద్రాసు రైల్వేలు 1908లో కలిసి మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే అయ్యాయి. ఆ కంపెనీ 1951లో దక్షిణ రైల్వేలో లీనమైంది. కనుక ఎం.అండ్ ఎస్.ఎం. అన్న గుర్తున్న పెట్టె 1908, 1951 మధ్య ఆ రైల్వే సేవలో ఉన్నదే. గుర్తు రైల్వే సొంతదారీని మాత్రమే చెబుతుంది. తయారీ అంతకు ముందుదీ కావచ్చు.

చెక్క ఏ దేశపు ఫోనో సూచిస్తుంది. అమెరికా పెట్టెలు ఓక్‌వి, కొన్ని అక్రోటు చెక్కవి. బ్రిటిష్ పెట్టెల్లో అక్రోటు, మహాగని, టేకు ఉంటాయి. ఎండకూ తేమకూ చెదలకూ తట్టుకునేది టేకు కాబట్టి ఉష్ణదేశాలకు ఉద్దేశించిన సామానులో దాన్ని ఇష్టపడేవారు. వేసవిలో 40 డిగ్రీలు దాటే మార్కాపురం ప్రాంతపు ఎండకు ఓక్ పెట్టెల పలకలు కుంచించుకుని నిలువునా నెర్రెలిస్తే, అదే గోడ మీద టేకు పెట్టె మూలలు కూడా కదలకుండా నిలవగలదు.

1930ల నుంచి బేకలైటు చెక్కను తోసేసింది. బెంగళూరులో 1948లో ఏర్పడిన ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్ తయారుచేసిన నల్లటి ఫోన్లే ఆ తర్వాతి తరానికి ఫోన్లంటే గుర్తు.

నకిలీల సంగతి విడిగా చెప్పుకోవాలి. పాత గోడ ఫోను రూపంలో రేడియోలు అమెరికాలో 1950లలోనే అమ్ముడయ్యాయి. ఇప్పుడు మొరాదాబాదు వంటి ఇత్తడి పనికి పేరున్న ఊళ్ల నుంచి అలంకరణ ఫోన్లు దేశమంతా వస్తున్నాయి. వీటి తలుపు తెరిస్తే అయస్కాంతాలు ఉండవు, పెట్టె బరువు తక్కువ, వెనక ప్లైవుడ్డు, పక్కన చిన్న ప్లాస్టిక్ ఫోను సాకెట్టు. స్క్రూల తలల మీద ప్లస్ ఆకారపు గాడి ఉంటే, ఆ రకం స్క్రూలు 1930ల మధ్య నుంచే వచ్చాయి కాబట్టి, ఆ స్క్రూ అసలుది కాదు. అయితే ఒక్క స్క్రూ చూసి మొత్తం ఫోనును తిరస్కరించకూడదు. నలభై ఏళ్ల కిందటి మరమ్మతులో మార్చి ఉండవచ్చు. నకిలీల కన్నా గుర్తించడం కష్టమైనవి అతుకుల బొంతలు. ఒక కంపెనీ పెట్టెలో మరో కంపెనీ ట్రాన్స్‌మిటరు, మూడో దాని గంటలు కలిపి అమ్ముతారు. పాత రంధ్రాలు ఖాళీగా ఉండి పక్కన కొత్తవి తొలిచి ఉన్నాయా, భాగం తీస్తే దాని అడుగున చెక్క లేతరంగులో అదే ఆకారపు నీడ మిగిలిందా అన్న రెండు పరీక్షలతో చాలావరకు బయటపడతాయి. నీడ ఆకారం భాగంతో సరిపోలితే అది అక్కడ దశాబ్దాలుగా ఉన్నదే.

చెక్క, లోహాల పునరుద్ధరణ

పునరుద్ధరణలో అన్నిటికన్నా పెద్ద నష్టం తొందర వల్ల జరుగుతుంది. వడ్రంగి కొట్టుకు తీసుకెళ్లి గరుకు కాగితంతో రుద్దించి, మెరిసే వార్నిషు కొట్టిస్తే పెట్టె కొత్తదిలా కనిపిస్తుంది. కానీ వందేళ్ల వాడకంతో వచ్చిన రంగు, ముద్రలు, సిరా గీతలు, నీడలు అన్నీ పొడిగా రాలిపోతాయి. గుర్తింపునకు ఆధారాలు అవే కాబట్టి, వాటిని పోగొట్టుకున్న ఫోను వయసూ వంశమూ ఇక తేలవు. అందువల్ల శుభ్రపరచడం ముందు, అతకడం తర్వాత, కొత్త పూత అన్నిటికన్నా చివర. అదీ అవసరమైన మేరకే.

ముందుగా అన్ని పక్కలా ఫొటోలు తీయాలి. ఏ తీగ ఏ మరకు బిగించి ఉందో బొమ్మ గీసుకోవాలి. స్క్రూలను తీసిన వరసలో ఒక అట్ట ముక్కకు గుచ్చి పెట్టుకుంటే ఏది ఎక్కడిదో తికమక ఉండదు. పొడి కుంచెతో దుమ్ము దులిపి, సబ్బు నీటిలో ముంచి బాగా పిండిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఒత్తాలి. నీళ్లు కారేంత తడి పనికిరాదు. పాత పెట్టెల మూలలను అతికినది తోలు, ఎముకలు ఉడికించి తీసిన జిగురు. అది నీళ్లకు కరుగుతుంది. ఈ గుణం మరమ్మతుకు మేలే. ఊడిన మూలను గోరువెచ్చటి తడితో శుభ్రం చేసి అదే రకం జిగురుతో అతికితే, రేపెవరైనా మళ్లీ విప్పగలరు. ఎపాక్సీతో అతికిన మూలను పగలగొట్టి తీయాల్సిందే.

చెదలు, పుచ్చు పురుగు పట్టిన పెట్టెకు పల్లెల్లో కిరసనాయిలో పాత ఇంజను ఆయిలో పూసే అలవాటుంది. దానివల్ల చెక్క నల్లబడుతుంది, వాసన వదలదు, లోపలి నూలు తొడుగు తీగలు నూనె పీల్చి పాడవుతాయి. భాగాలన్నీ విప్పిన ఖాళీ పెట్టెకు బోరాక్సు ద్రావణం పట్టించి నీడన ఆరబెట్టడం మేలు. పురుగు గుల్ల చేసిన చోటు బలంగా ఉంటే రంధ్రాలు అలాగే వదలవచ్చు.

పాత పూత ఏమిటో కనిపించని మూల ఒక చుక్క స్పిరిటు వేసి తెలుసుకోవచ్చు. మెత్తబడి జిగటగా తగిలితే అది లక్క పాలిష్. బ్రిటన్‌లో పూసిన లక్క కూడా ప్రధానంగా భారతదేశం నుంచి ఎగుమతైనదే. కాబట్టి ఇక్కడి బజారులో దొరికే రేకు లక్కను స్పిరిటులో నానబెట్టి వాడితే అసలు పూతతో సహజంగా కలిసిపోతుంది. మెత్తని గుడ్డలో దూదిని ఉండకట్టి, పల్చటి లక్కలో ముంచి, చెక్క నార వెంట పలుచని పొరలుగా పూయాలి. ఒక పొర ఆరాకే ఇంకొకటి. ఎండిపోయిన పాత పూతకు చాలాసార్లు రెండు మూడు పొరలు సరిపోతాయి.

గంటలు, పిడి, కొక్కెం ఇత్తడివి; వాటి మీద పలుచని నికెల్ పూత ఉంటుంది. చింతపండుతో తోమితే ఇత్తడి బంగారంలా మెరుస్తుంది గానీ, పులుపు ఆ నికెల్‌ను కింది నుంచి లేపేస్తుంది. మెత్తటి గుడ్డ, కొద్దిపాటి మెషిన్ ఆయిలు చాలు. నికెల్ అరిగి ఇత్తడి తొంగిచూసే చోటు చేతులు పట్టిన చోటే. దాన్ని దాచాల్సిన పని లేదు. రిసీవరు, మౌత్‌పీసుల నల్లటి ఎబొనైటు ఎండకు గోధుమరంగుకు తిరుగుతుంది. దాన్ని వేడి నీళ్లలో ముంచకూడదు, రంగు ఇంకా మారిపోతుంది.

లోపలి యంత్రం

మాగ్నెటోను అవసరం లేనిదే పూర్తిగా విప్పకూడదు. అయస్కాంతాలను సుత్తితో కొట్టినా, ధ్రువాలు తారుమారుగా బిగించినా బలం తగ్గుతుంది. తీయక తప్పకపోతే ఉత్తర ధ్రువాలన్నీ ఒకే వైపు ఉండేలా గుర్తు పెట్టుకుని, విడిగా ఉన్నంతసేపు కాళ్ల మధ్య మెత్తటి ఇనప ముక్కను అడ్డం పెట్టాలి. బేరింగులకు ఒక్కో చుక్క పలుచని నూనె వేసి, పిడి తిప్పుతూ మల్టీమీటరులో ఏసీ వోల్టులు చూస్తే మాగ్నెటో ప్రాణంతో ఉందో లేదో తెలిసిపోతుంది.

ఫోను పలకకపోవడానికి ఎవరూ ఊహించని చోటు ఒకటుంది. కొన్ని నమూనాల్లో తలుపు మీది గంటలకూ పెట్టెలోని మాగ్నెటోకూ మధ్య తీగ ఉండదు. తలుపు బందులే కరెంటును మోస్తాయి. బందుల సందున తుప్పు గానీ, ఎవరో పూసిన రంగు గానీ చేరితే వలయం తెగుతుంది. యంత్రమంతా విప్పి తలపట్టుకునే ముందు బందులను శుభ్రం చేసి, రెండు రెక్కల మధ్య కరెంటు పారుతుందో లేదో చూడాలి. కొక్కెం దగ్గరి స్ప్రింగు పత్తీల మొనలను గరుకు కాగితంతో రుద్దరాదు. స్పిరిటులో తడిపిన గట్టి కాగితపు ముక్కను వాటి మధ్య పెట్టి లాగితే మురికి వస్తుంది.

రిసీవరు మూత విప్పాక లోపలి ఇనప రేకును పైకి లాగితే వంగిపోతుంది. అయస్కాంతం మీదినుంచి పక్కకు జరిపి తీయాలి. ఒక సెల్లును దాని తీగలకు తాకించి తీస్తే చెవిలో టిక్కుమన్న చప్పుడు వినిపించాలి. వినిపించకపోతే తీగ చుట్ట తెగినట్టు. ట్రాన్స్‌మిటరులో బొగ్గు పలుకులు తేమకు గడ్డకట్టుకుంటాయి. వేళ్లతో మెల్లగా తడితే చాలావరకు విడిపోతాయి. ఓమ్ మీటరు తగిలించి మాట్లాడుతూ చూస్తే ముల్లు కదలాలి. నూలు తొడుగు తీగలు పొడిగా రాలిపోతుంటే అదే రంగు కొత్తవి వేసి, పాతవాటిని ఒక కవరులో పెట్టెలోనే భద్రపరచాలి. పాత పెద్ద డ్రై సెల్లుల బదులు రెండు పెద్ద టార్చిలైటు సెల్లులు, మూడు వోల్టులు, సరిపోతాయి. వాడనప్పుడు వాటిని తీసేయడం తప్పనిసరి. కారిన సెల్లు పదేళ్ల శ్రమను ఒక వానాకాలంలో తినేస్తుంది.

పని పూర్తయిందనడానికి నమ్మదగిన పరీక్ష రెండు మాగ్నెటో ఫోన్లను రెండు తీగలతో కలపడం. ఇక్కడ పిడి తిప్పితే అక్కడ గంట మోగాలి, రెండు వైపులా మాట స్పష్టంగా వినపడాలి. ఒకే ఇంట్లో రెండు గదుల మధ్య దీన్ని ఏళ్ల తరబడి వాడుకోవచ్చు. ఇప్పటి ల్యాండ్‌లైనుకు మాత్రం తగిలించకూడదు. పిడి తిప్పగానే పుట్టే వోల్టేజీ ఎక్స్ఛేంజి లోని ఎలక్ట్రానిక్ కార్డునో, ఇంట్లోని మోడెమునో కాల్చేయగలదు.

సొంతదారీ, చట్టం

రైల్వే గుర్తున్న ఫోను కొనేవారు అది వేలంలో అమ్ముడైన సరుకని చూపే కాగితం అడిగి తీసుకోవాలి. దొంగిలించిన లేదా అక్రమంగా చేజిక్కిన రైల్వే ఆస్తిని దగ్గర ఉంచుకోవడం 1966 నాటి రైల్వే ఆస్తి చట్టం కింద నేరం. వందేళ్లు నిండి, గతకాలపు విజ్ఞానాన్నీ పనితనాన్నీ తెలిపే వస్తువులు 1972 నాటి పురావస్తువుల చట్టపు నిర్వచనంలోకి వస్తాయి. 1920లకు ముందు తయారైన గోడ ఫోన్లు ఇప్పటికే ఆ వయసు దాటాయి. అలాంటివాటిని ఇంట్లో ఉంచుకోవడానికి, బాగుచేయించుకోవడానికి అడ్డు లేదు గానీ, ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపడం నిషిద్ధం.